తప్పు సన్న టైరుది కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. సన్న టైర్ల సైకిళ్ళు మన రోడ్లకు పనికిరావని, వాటిని బీచ్ రోడ్డు మీదికి రానివ్వకూడదని, కొన్నవాళ్ళే నెల తిరక్కుండా వాటిని మూలన పడేస్తున్నారని ఈ మధ్య మీ పాఠకుల లేఖల్లో ఒకరు రాశారు. చివరి మాట నిజమే. మా వీధిలోనే అలాంటి సైకిళ్ళు మెట్ల కింద దుమ్ము పట్టి ఉన్నాయి. అయితే అందుకు కారణం సైకిలు కాదు. దాన్ని ఎలా తొక్కాలో కొన్నవాళ్ళకు ఎవరూ చెప్పడం లేదు. దాని కింద ఉన్న రోడ్డును ఆ సైకిలు మీది నుంచి ఎవరూ చూడటం లేదు. ఈ రెండూ చేతులారా తెలుసుకున్నవాడిని కనుక రాస్తున్నాను. కాస్త పొడుగైనా ప్రచురించమని మనవి.

నేను హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మల్కాపురం నుంచి యార్డు గేటుకు సైకిలు మీదే వెళ్ళాను. అది నల్లరంగు బరువు సైకిలు, రాడ్ బ్రేకులు, వెనక క్యారియర్‌కు కట్టిన టిఫిను డబ్బా. సైరన్ మోగేసరికి గేటు ముందు అలాంటి సైకిళ్ళు బారులు తీరి ఉండేవి. విరమణ తర్వాత మోకాళ్ళు పట్టేస్తుంటే నడక తగ్గించి సైకిలు తొక్కమని డాక్టరు గారు చెప్పారు. ఈసారి తేలికైనది తీసుకుందామని రోడ్ బైక్, అంటే ఈ సన్న టైర్ల సైకిలే, కొన్నాను. పాతది ఇరవై కిలోలు తూగేది, ఇది పది కిలోలు. సైకిలు తొక్కడం వచ్చినవాళ్ళకు ఇందులో కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదని దుకాణంలో చెప్పి పంపారు. ఆ ఒక్క మాట వల్లే ఎంతోమంది మంచి సైకిళ్ళను మూలన పెట్టారని ఇప్పుడు నాకు గట్టి నమ్మకం.

మొదట సీటు సంగతి. పాత సైకిలు మీద కూర్చునే రెండు కాళ్ళూ నేలకు ఆనించవచ్చు. రోడ్ బైక్ మీద ఆ వీలు ఉండదు, ఉండకూడదు కూడా. కాళ్ళు అందాలని సీటు దించేస్తే మోకాలు పూర్తిగా చాచుకోదు, కాసేపటికే మోకాలి చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. సరైన ఎత్తు కనుక్కోవడం సులువు. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడలు పూర్తిగా కిందికి వచ్చినప్పుడు మడమను దాని మీద ఉంచాలి. అప్పుడు కాలు నిటారుగా ఉంటే సీటు సరైన ఎత్తులో ఉన్నట్లు. తొక్కేటప్పుడు పెడలు మీద ఉండేది మడమ కాదు, వేళ్ళ వెనకున్న పాదం భాగం. కాబట్టి మోకాలు ఎప్పుడూ కాస్త వంగే ఉంటుంది. ఇలా పెట్టుకున్నాక సీటు మీద కూర్చుని ఆగడం కుదరదు. ముందుకు జరిగి, సీటు దిగి, పై గొట్టానికి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడాలి. ఏ కాలు దించాలో ఆగే ముందే అనుకుని ఉండాలి. ఈ ఒక్క అలవాటు ఒంటికి పట్టకముందే సిగ్నళ్ళున్న రోడ్డెక్కితే ఎవరికైనా గుండె జారిపోతుంది. నేను మా ఇంటి దగ్గరి ఖాళీ స్థలంలో ఎక్కడం, దిగడం, ఆగడం, మళ్ళీ కదలడం మాత్రమే చేస్తూ ఉదయాలు గడిపాను. చూసినవాళ్ళు ఏమనుకున్నా సరే, కొత్తగా కొన్న ప్రతి ఒక్కరూ అలా చేయాలని చెబుతాను.

తర్వాత హ్యాండిలు. పాత సైకిలు హ్యాండిలును కాస్త అటూ ఇటూ తిప్పినా బండి నింపాదిగా తిరిగేది. ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు బాగా వాలి, చక్రాలు ఒకదానికొకటి దూరంగా ఉండటమే అందుకు కారణం. రోడ్ బైక్ ఫోర్కు నేలకు 72, 73 డిగ్రీల కోణంలో, దాదాపు నిటారుగా ఉంటుంది. చక్రాలు దగ్గరగా ఉంటాయి. భుజం కదిలితే చాలు, సైకిలు పక్కకు పోతుంది. మొదటి వారం ఇది ఎవరినైనా భయపెడుతుంది. మనిషి భయపడితే చేతులు బిగుసుకుంటాయి, చేతులు బిగిస్తే సైకిలు ఇంకా వణుకుతుంది. మోచేతులు కొద్దిగా వంచి, పట్టు వదులు చేసి, చూపు ముందు చక్రం మీద కాకుండా దూరంగా నిలిపితే ఆ వణుకు దానంతటదే తగ్గుతుంది. మెడ నొప్పికి కూడా సగం మందు ఇదే. వంగి కూర్చుని తల ఎత్తి చూడాలి కాబట్టి మెడ నొప్పి రావడం సహజం. మోచేతులు కర్రల్లా చాపి ఉంచితే రోడ్డు మీది ప్రతి కుదుపూ సూటిగా మెడ దాకా వెళ్తుంది.

వంపు తిరిగిన ఆ హ్యాండిలును చాలామంది అందం కోసమో పందెం కోసమో పెట్టారనుకుంటారు. నిజానికి అది చేతులను ఒకేచోట ఉంచకుండా మార్చుకోవడానికి. పైన అడ్డంగా ఉన్న కడ్డీ మీద ఒక పట్టు, బ్రేకు లీవర్ల మీది రబ్బరు తొడుగుల మీద ఒకటి, కింది వంపులో మరొకటి. ఎక్కువసేపు ఉండేది తొడుగుల మీదే. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే అరచేతి అంచున పోయే అల్నార్ నరం మీద బరువు పడుతోందని అర్థం. చేతుల మీదికి అంత బరువు ఎందుకు వచ్చిందో చూడాలి. సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒళ్ళంతా ముందుకు జారి చేతుల మీద పడుతుంది. నేను స్పిరిట్ లెవెల్ పెట్టి సీటు సమంగా ఉండేలా బిగించాను. తర్వాత నడుము కండరాలు గట్టిపడేకొద్దీ తిమ్మిరి తగ్గిపోయింది. తగ్గకపోతే సైకిలు పొడవు మనిషికి సరిపోలేదన్నమాట. హ్యాండిలును పట్టి ఉంచే ముక్కను పొట్టిది వేయించుకుంటే సరిపోతుంది. అసలు కొనేటప్పుడే మన ఎత్తుకు తగిన ఫ్రేము అడగాలి. దుకాణంలో నిలవ ఉన్న సైజు మన సైజు కావాలని ఎక్కడా లేదు.

కూర్చునే చోటి నొప్పికి మందమైన మెత్తటి సీటు వేయిస్తే పోతుందనుకుంటారు. పోదు. బరువు మోయాల్సినవి కూర్చునే ఎముకలు. మరీ మెత్తటి సీటులో అవి కూరుకుపోయి చుట్టూ ఉన్న కండ నలుగుతుంది. లోపల మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కరు తీసుకుని, దాని లోపల మరే గుడ్డా లేకుండా వేసుకోవాలి. అప్పుడు కుట్లు ఒరుసుకోవు. బయటికి ఇబ్బందిగా అనిపిస్తే దాని మీద వదులు ప్యాంటు వేసుకోవచ్చు. నేను అలాగే వెళ్తాను. నా వయసు వాళ్ళు సైకిలుకు దూరం కావడానికి ఈ చెప్పుకోలేని నొప్పే పెద్ద కారణం. అందుకే పత్రికలో పెట్టి రాస్తున్నాను.

బ్రేకుల గురించి ఒక్క మాట. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేకుదే, ఎందుకంటే వేగం తగ్గేకొద్దీ బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. కానీ ఒక్కసారిగా పిండకూడదు. నడుమును వెనక్కి జరిపి, రెండూ కలిపి మెల్లగా నొక్కాలి. ఏ లీవరు ఏ చక్రానిదో అన్ని సైకిళ్ళకూ ఒకేలా ఉండదు కాబట్టి కొన్న చోటే చూసుకోవాలి.

గేర్లు నాకు ఎంతో ఇష్టమైన భాగం. బ్రేకు లీవరులోనే గేరు మార్చే ఏర్పాటును షిమానో కంపెనీ 1990లో తెచ్చింది. అంతకు ముందు హ్యాండిలు వదిలి కింది గొట్టం మీద ఉన్న మీట లాగాల్సి వచ్చేది. నా సైకిలుకు ముందు 50, 34 పళ్ళ చక్రాలు రెండు, వెనక 11 నుంచి 32 పళ్ళ దాకా వరసగా ఎనిమిది. అన్నిటికన్నా తేలిక గేరులో ఒక చుట్టు తొక్కితే సైకిలు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ కదులుతుంది, బరువు గేరులో తొమ్మిదిన్నర మీటర్లు దాటుతుంది. పాత సైకిలుకు ఉన్నది ఒకే జత కాబట్టి ఎక్కుడు వస్తే లేచి నిలబడి బలం వేయడమే మనకు తెలిసిన పద్ధతి. ఆ అలవాటు ఇక్కడ మోకాళ్ళను తింటుంది. తెన్నేటి పార్కు దగ్గర కైలాసగిరి కింద రోడ్డు ఎక్కడం మొదలవకముందే తేలిక గేరులోకి మారి, నిమిషానికి 80 చుట్లకు దగ్గరగా కాళ్ళు తిరిగేలా చూసుకుంటే ఊపిరి ఎగపోస్తుందేమో కానీ మోకాలు నొప్పి పెట్టదు. గేరు మార్చేటప్పుడు కాలి బరువు ఒక్క క్షణం తగ్గించాలి. చైను మీద బలం పెట్టి మారిస్తే వచ్చే ఆ కటకట శబ్దం ఫిట్టరు చెవికి చాలా బాధ. ముందు పెద్ద చక్రం, వెనక పెద్ద చక్రం కలిపి వాడితే చైను ఏటవాలుగా లాగి త్వరగా అరిగిపోతుంది.

ఇక టైర్లు. ఆ లేఖ రాసిన వారి అభ్యంతరమంతా వాటి మీదే కదా. నా టైరు వెడల్పు 28 మిల్లీమీటర్లు. అంత సన్నటి టైరు మనిషిని మోయాలంటే లోపల గాలి గట్టిగా ఉండాలి. నా బరువుకు 75, 80 పీఎస్‌ఐ (పంపు మీటరు చూపే గాలి ఒత్తిడి) సరిపోతుంది. స్కూటరు టైరులో అందులో సగం కూడా ఉండదు. గాలి తగ్గి ఉన్నప్పుడు గుంత అంచు తగిలితే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు గాట్లు పడతాయి. మేకూ ముల్లూ లేకుండా పంక్చరు ఎలా అయిందని కొత్తవాళ్ళు ఆశ్చర్యపోయేది ఇందుకే. అలాగని టైరు మీద రాసిన గరిష్ఠం దాకా కొట్టించినా మంచిది కాదు, రోడ్డు మీది ప్రతి గులకరాయీ పళ్ళకు తగులుతుంది. సన్న ట్యూబులో గాలి వారంలోనే తగ్గుతుంది. కాబట్టి మీటరున్న పంపు ఇంట్లో ఉండాలి.

ఈ ట్యూబు వాల్వు కూడా వేరు. మన పాత సైకిలుకు వాల్‌ట్యూబు వేసిన వాల్వు ఉండేది, స్కూటరుకు లావుపాటిది. దీనిది పెన్సిలు కన్నా సన్నం, ప్రెస్టా అంటారు. మొదటిసారి పంక్చరు దుకాణానికి తీసుకువెళ్తే అక్కడి కుర్రవాడు చక్రాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "బాబాయ్ గారూ, దీనికి గాలి ఎక్కడ కొట్టాలి?" అని అడిగాడు. మూత తీసి, కొసన ఉన్న చిన్న నట్టు విప్పి, ఒకసారి వేలితో నొక్కి చూపించాను. బుస్సుమని గాలి వచ్చింది. దాని మీద ఇత్తడి అడాప్టరు బిగిస్తే మామూలు స్కూటరు పంపే సరిపోతుంది. పది రూపాయల నాణెం అంత కూడా ఉండదు ఆ ముక్క. అతను దాన్ని చేతిలోకి తీసుకుని మర చూసి, "ఇలాంటిది నా దగ్గరా ఒకటి ఉంచుతాను బాబాయ్ గారూ, ఈ సైకిళ్ళు ఎక్కువగానే వస్తున్నాయి" అన్నాడు. మళ్ళీ వెళ్ళినప్పుడు అది మేకుకు తగిలించి ఉంది. మన దుకాణాలవాళ్ళకు చెబితే నేర్చుకుంటారు. చెప్పేవాళ్ళు లేకనే పనికిరావన్న మాట పుడుతుంది.

విశాఖలో ఉంటూ ఉప్పుగాలి మాట చెప్పకుండా ఎలా? బీచ్ రోడ్డు నుంచి రాగానే చైనును పొడిగుడ్డతో తుడిచి రెండు చుక్కల నూనె వేయాలి. సీటు కింది కడ్డీని ఏడాదికి రెండుసార్లయినా బయటికి తీసి గ్రీజు రాసి పెట్టాలి. అల్యూమినియం, ఉక్కు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నచోట ఉప్పునీరు చేరితే లోహం తినేసి రెండూ పట్టేస్తాయి. ఓడ అడుగున జింకు దిమ్మలు బిగించేది ఈ తినుడు ఉక్కుకు తగలకుండా ఉండాలనే. యార్డులో పనిచేసిన ఎవరిని అడిగినా చెబుతారు.

గాలి దిక్కు కూడా చూసుకోవాలి. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఉంది. భీమిలి మనకు ఈశాన్యాన ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి వీపున తోస్తుంటే రుషికొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు ఇట్టే దాటిపోతాయి. అదంతా మన కాళ్ళ బలమేనని అనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో అదే గాలి ఎదురు నిలుస్తుంది. కాబట్టి కొత్తవాళ్ళు ఆ నెలల్లో ఒంట్లో శక్తి సగానికన్నా ఎక్కువ ఉన్నప్పుడే వెనక్కి తిరగాలి. ఎండ ఎక్కాక సముద్రం మీది నుంచి వచ్చే గాలి ఇంకా బలపడుతుంది. తెల్లవారుజామున బయలుదేరి పొద్దెక్కకముందే ఇల్లు చేరడం ఉత్తమం.

ఇంతవరకు చెప్పినదంతా మనిషి నేర్చుకోవాల్సింది. నేర్చుకుంటే వస్తుంది. అరవై దాటిన నాకే వచ్చింది. రోడ్డు విషయం అలా కాదు. సన్న టైరు మీద కూర్చున్నవాడికి రోడ్డు మీది ప్రతి లోపమూ అరచేతికి తెలుస్తుంది. స్కూటరు మీద ఇన్నేళ్ళు తిరిగినా గమనించనివి నాకు ఇప్పుడు కనిపిస్తున్నాయి. గాలికి కొట్టుకొచ్చి మలుపుల్లో పేరుకున్న ఇసుక మీద చక్రం జారుతుంది. వానలో తడిసిన తెల్లగీతలు నున్నగా జారుడుగా ఉంటాయి. పోర్టు వైపు రైలు పట్టాలు రోడ్డును ఏటవాలుగా దాటే చోట పట్టా పక్కనున్న సందులో టైరు ఇరుక్కుంటుంది. అక్కడ వెనక వచ్చే లారీలను చూసుకుని, సైకిలును కాస్త తిప్పి, పట్టాను అడ్డంగా దాటాలి. స్పీడు బ్రేకర్లకు, మన దేశంలో రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలతలు చెప్పింది. 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, మీద నలుపు తెలుపు చారలు, 40 మీటర్ల ముందే హెచ్చరిక బోర్డు. అలా కడితే గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఏ బండైనా సాఫీగా దాటుతుంది. మన వీధుల్లో మూరెడు వెడల్పున గోడలా లేపిన కట్టలు ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు చూసుకోవచ్చు. చీకటిలో రంగు లేని అలాంటి కట్ట మీదికి సైకిలు వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వాననీటి కాలువల మీది ఇనుప జాలీలు. రోడ్డు అంచున, సరిగ్గా సైకిలువాడు వెళ్ళే చోటే అవి ఉంటాయి. నగరంలో చాలాచోట్ల వాటి ఊచలు రోడ్డు వెళ్ళే దిక్కుగానే, నిలువుగా ఉన్నాయి. ఒక ఉదయం టేపు తీసుకువెళ్ళి అలాంటి ఒకదాన్ని కొలిచాను. ఊచకూ ఊచకూ మధ్య 45 మిల్లీమీటర్ల సందు ఉంది. ఊచలు పైన అరిగి నున్నబడ్డాయి, ఒక చివర వెల్డింగ్ ఊడి ఊచ పక్కకు వంగి ఉంది. అక్కడ సందు ఇంకా పెద్దది. నా టైరు 28 అని చెప్పాను కదా. మామూలు బరువు సైకిలు టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు. అది కూడా ఆ సందులో దిగిపోతుంది. స్కూటరు టైరు దీనికి రెట్టింపు ఉంటుంది కాబట్టి దాని మీద వెళ్ళేవాళ్ళకు అక్కడ జాలీ ఉన్న సంగతే తెలియదు. ముందు చక్రం ఒకసారి దిగితే అది అక్కడే ఆగిపోతుంది, మనిషి ఆగడు. తల కింద పడేది సిమెంటు అంచు మీద. దానికి తోడు రోడ్డు మీద రోడ్డు వేసినప్పుడల్లా జాలీ పాత మట్టంలోనే ఉండిపోయి చుట్టూ గుంత తయారవుతుంది.

కాబట్టి ఇది ఖరీదైన సైకిళ్ళ వాళ్ళ సరదా గొడవ కాదు. తెల్లవారుజామున ఈ నగరంలో సైకిలు మీద ఎవరు తిరుగుతారో చూడండి. పాలు వేసేవాళ్ళు, రాత్రి కాపలా ముగించుకుని ఇంటికి వెళ్ళేవాళ్ళు, ఇళ్ళ కట్టుబడి పనులకు పోయే కూలీలు, చేపల బుట్ట వెనక కట్టుకున్నవాళ్ళు, మీ పత్రికను మా గుమ్మంలో వేసే కుర్రవాళ్ళు. వాళ్ళలో చాలామంది సైకిళ్ళకు లైటు ఉండదు, తలకు హెల్మెట్ ఉండదు. నేను చూసుకుని పక్కకు తప్పుకుంటాను, సైకిలు నాకు అవసరం కన్నా ఇష్టం. వాళ్ళకు అది కూడు. పక్కకు తప్పుకుంటే వెనక నుంచి వచ్చే లారీకి తగులుతారు, తప్పుకోకపోతే జాలీలో పడతారు. ఈ సన్న టైరు సైకిలు ఎక్కాక నాకు వాళ్ళ కష్టం తెలిసింది. ముప్పై ఏళ్ళు అదే దారిలో తొక్కినా ఆ రోజుల్లో ఇన్ని వాహనాలు లేవు, రోడ్డు నడుమకు జరిగి వెళ్ళేవాళ్ళం.

నగర రవాణా గురించి 2006లో వచ్చిన జాతీయ విధానం రోడ్లను వాహనాల కోసం కాకుండా మనుషుల కోసం రూపొందించాలని, నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ చోటు ఇవ్వాలని చెప్పింది. 2016 జనవరిలో ప్రకటించిన మొదటి ఇరవై స్మార్ట్ నగరాల్లో మన విశాఖ ఉంది. వేరే సైకిలు దారులు వేస్తే ఎవరు వద్దంటారు? కానీ అందుకు స్థలం కావాలి, డబ్బు కావాలి, ఏళ్ళు పడుతుంది. జాలీల పని అలాంటిది కాదు. చతురస్రంగా ఉన్న జాలీని పైకి లేపి పక్కకు తిప్పి పెడితే ఊచలు అడ్డంగా వస్తాయి. ఇద్దరు మనుషులు, రెండు గడ్డపారలు చాలు. పొడుగ్గా ఉండి తిప్పడానికి వీల్లేనివాటికి పైన అడ్డంగా ఇనుప పట్టీలు వెల్డింగ్ చేయాలి. పట్టీకీ పట్టీకీ మధ్య 15 సెంటీమీటర్ల దూరం ఉంచితే సైకిలు చక్రం ఎనిమిది తొమ్మిది మిల్లీమీటర్లకు మించి కిందికి దిగదు. చక్రం కొలతలు పెట్టి లెక్క వేసే ఈ మాట చెబుతున్నాను. అర మీటరు జాలీకి మూడు పట్టీలు సరిపోతాయి, నీరు పోయే దారిలో పదో వంతు కూడా తగ్గదు. ఊచల మీద పట్టీ పెట్టి రెండు వైపులా వెల్డు వేయడం ఏ వెల్డరుకైనా చిటికెలో పని. కొత్తగా చేయించే జాలీలకు మొదటే ఊచలు అడ్డంగా ఉండాలని టెండరులో ఒక వాక్యం రాస్తే అదనపు ఖర్చే లేదు.

ఇది అక్టోబరు, నవంబరు వానలు రాకముందే జరగాలి. తుపాను వానకు రోడ్డు అంచున మోకాలి లోతు నీరు నిలిచినప్పుడు జాలీ ఎక్కడుందో ఎంత అలవాటున్నవాడికైనా కనిపించదు. ముందుగా కాన్వెంట్ జంక్షన్ నుంచి పాతనగరం వైపు, తర్వాత బీచ్ రోడ్డు పొడవునా మొదలుపెట్టాలని నా సూచన. పనికి పోయే సైకిళ్ళు ఎక్కువగా తిరిగే దారి మొదటిది, కొత్తగా నేర్చుకునేవాళ్ళు వెళ్ళే దారి రెండోది.

నేను రోజూ తిరిగే దారిలో ఉన్న జాలీలను కొలిచి, ఏది తిప్పితే సరిపోతుందో, దేనికి పట్టీలు వేయాలో వీధి గుర్తులతో సహా కాగితం మీద రాసి పెట్టాను. ఆ పని చూసే ఇంజినీరు ఎవరైనా అడిగితే మీ కార్యాలయం ద్వారా పంపుతాను. పిలిస్తే సైకిలు మీద వచ్చి పక్కన నిలబడి చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిట్టరు,
మల్కాపురం, విశాఖపట్నం